వార్తలు అక్కడివి, ఓటు ఇక్కడిది

గజపతి జిల్లా కాశీనగర్ వైపు పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆవిడకి 34 ఏళ్లు. పుట్టిల్లు టెక్కలి దగ్గర. పెళ్లయి 11 ఏళ్లయింది. భర్త పర్లాకిమిడిలో బట్టల కొట్టులో పని చేస్తారు. మావయ్యగారు ఊళ్లో కుల సంఘం పెద్ద. ఇంట్లో ఐదు ఓట్లు. ఏ ఎన్నికలొచ్చినా ముందురోజు రాత్రి భోజనాలయ్యాక మావయ్యగారు అందరినీ కూర్చోబెట్టి ఎవరికి వెయ్యాలో చెబుతారు. ఆడవాళ్లకి ఒక కాగితం మీద గుర్తు గీసి ఇస్తారు. 2022 పంచాయతీ ఎన్నికల్లో సంఘం అంతా ఒక్క మాట మీద ఉండాలని నిర్ణయించుకుంది. గుడి మండపానికి డబ్బిస్తానన్న మనిషికి ఓట్లన్నీ పడ్డాయి, ఆయన సర్పంచి అయ్యారు. మండపం లేచింది. బడికెళ్లే దారిలో ఉన్న గెడ్డ (వాగు) మీద కల్వర్టు మాత్రం రాలేదు. వానాకాలంలో నీళ్లు నడుం దాకా వస్తే పిల్లలు బడి మానేస్తున్నారు. మహిళా సంఘం మీటింగులో ఈవిడ ఆ మాట ఎత్తితే పక్కింటామె, 'మీ ఇంటి ఓట్లతోనే కదా ఆయన గెలిచాడు, ఇప్పుడు మమ్మల్ని అడుగుతావేం?' అంది. తల తీసేసినట్టయిందని రాశారు.

అంతకంటే ఎక్కువ గుచ్చుకున్నది కూతురి ప్రశ్న. ఐదో తరగతి చదువుతున్న ఆ పిల్ల బళ్లో ఎన్నికల పాఠం విని ఇంటికొచ్చి, 'అమ్మా, నువ్వు ఎవరికి వేశావు? ఎందుకు వేశావు?' అని అడిగింది. 'ఎవరికి' అన్నదానికి జవాబు ఉంది, 'ఎందుకు' అన్నదానికి లేదు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. పుట్టింటి ఓటరు జాబితాలో ఆవిడ పేరు ఇంకా ఉంది. 2021లో అన్నయ్య కారు పంపిస్తే అక్కడికి వెళ్లి పంచాయతీ ఓటు వేశారు, మరుసటి ఏడాది ఇక్కడా వేశారు. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్ రావడంతో వెళ్లలేకపోయారు, అన్నయ్య అలిగాడు. రెండో చిక్కు: ఊళ్లో ఒకామె, 'మేం చెప్పినవాళ్లకి వెయ్యకపోతే సుభద్ర డబ్బులు ఆగిపోతాయి' అని ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది. సుభద్ర అంటే ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ల ఖాతాల్లో వేసే డబ్బు.

ఆవిడ ప్రశ్న ఆవిడ మాటల్లోనే: 'అక్కా, నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. టీవీలో చూసేవన్నీ ఆంధ్రా వార్తలే. ఇక్కడ ఎవరు మంచివాళ్లో ఎవరు కాదో నాకేం తెలుస్తుంది? తెలియకుండా వెయ్యడం కంటే మానెయ్యడం నయం కదా? లేక మావయ్యగారికి ఎదురు చెప్పాలా? ఆయన మాట కాదంటే ఇంట్లో అన్నం సయించదు.'

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో అసలైన మాట మీరు చివర్లో, దాదాపు మర్చిపోయి రాసినట్టు రాశారు. టీవీలో చూసేవన్నీ ఆంధ్రా వార్తలే అన్నది. మావయ్యగారు, అన్నయ్య, డబ్బులు ఆగిపోతాయని బెదిరించే ఆమె, అందరి సంగతీ మాట్లాడదాం. ముందు ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. సరిహద్దు జిల్లాల్లో మన తెలుగు ఇళ్లన్నిటికీ ఉన్న కష్టం ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

మా బరంపురంలో రాత్రి ఎనిమిదింటికి ఏ తెలుగింటి ముందు నుంచి నడిచినా విజయవాడ, హైదరాబాద్ చర్చలే వినిపిస్తాయి. పోలవరం ఎంతవరకు వచ్చిందో, అమరావతిలో ఏ భవనం లేస్తోందో గంటసేపు వాదించగలిగే పెద్దమనుషులు నాకు తెలుసు. తమ వార్డు కార్పొరేటర్ పేరు అడిగితే వాళ్లు ఇంట్లోకి తిరిగి కొడుకుని పిలుస్తారు. ఆంధ్రాలో ఇచ్చే పథకం ఇక్కడ ఎందుకివ్వరని ప్రచారానికొచ్చిన అభ్యర్థిని నిలదీసిన వాళ్లనీ చూశాను. వాళ్లని తప్పుబట్టను. మనసుకి దగ్గరైన భాషలో వచ్చే వార్తే చెవిన పడుతుంది. అలా మన కోపం, మన అభిమానం, మన వాదన అన్నీ మనకు ఓటు లేని రాష్ట్రంలో ఖర్చయిపోతున్నాయి. ఓటు ఉన్న చోటికి ఖాళీ చేతులతో వెళ్తున్నాం. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు ఒక కాగితం పెడతారు. మీ ఇంట్లో పెట్టింది మావయ్యగారు. చాలా ఇళ్లలో ఆ పని డబ్బు చేస్తుంది.

నేను వేరుగా ఏమీ ఉండలేదు. 1996లో పి.వి. నరసింహారావు గారు మా బరంపురం నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. మా ఇంట్లో ఒక్క మాట మీద తేలిపోయింది: మనవాడు. ఐదేళ్లు ప్రధానిగా ఉన్న మనిషి. ఆయన చేసినవాటిలో ఏవి బాగున్నాయి, ఏవి లేవు, గెలిస్తే బరంపురానికి ఏం చేస్తారు అని ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. నేనూ అడగలేదు, వేసొచ్చాను. ఆయన గెలిచారు. అది తప్పు ఓటు అని ఇప్పటికీ అనను. కానీ మీ పాప అడిగిన ప్రశ్న ఆ రోజు నన్ను ఎవరైనా అడిగుంటే నా దగ్గరా జవాబు లేదు. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే మీరు నాకు పరాయిగా అనిపించలేదు.

మీరు నాతో 'తెలియకుండా వెయ్యడం కంటే మానెయ్యడం నయం కదా' అన్నారు. మానెయ్యడానికి మీకు హక్కు ఉంది, ఎవరూ శిక్షించరు. మానేస్తే ఏమవుతుందో మాత్రం చూడండి. మీ ఇంటి ఐదు ఓట్లలో నాలుగు పడతాయి, ఆ నాలుగూ మావయ్యగారు చెప్పినవే. ఆలోచన ఉన్న ఓటు ఒక్కటే తగ్గుతుంది. పైగా సంఘానికి ఒక్క ఓటు తగ్గిందని తెలిస్తే ఇంట్లో మీమీదే పడతారు. గొడవ తప్పదు, ఓటు మాత్రం పోతుంది. అసెంబ్లీకి, లోక్‌సభకు జరిగే ఎన్నికల్లో నోటా బటన్ 2013 నుంచి ఉంది. అభ్యర్థులెవరూ నచ్చలేదని చెప్పడానికి అది పనికొస్తుంది. అయితే నోటాకి ఎన్ని పడినా, మిగిలినవాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు. అందరినీ తెలుసుకున్నాక నొక్కితే నోటా ఒక మాట చెబుతుంది. ఎవరూ తెలియక నొక్కితే అదీ మానెయ్యడమే.

తెలుసుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు, చెల్లెమ్మా. మీరు రోజూ తొక్కే దారి మీదే చాలావరకు ఉంది. ముందు ఒక కాగితం తీసుకుని ఆరుగురి పేర్లు రాయండి: వార్డు మెంబరు, సర్పంచి, పంచాయతీ సమితి సభ్యుడు, జిల్లా పరిషత్ సభ్యుడు, ఎమ్మెల్యే, ఎంపీ. మొదటి నలుగురినీ మీరు ఒకే ఎన్నికల్లో, నాలుగు వేర్వేరు ఓట్లతో ఎన్నుకున్నారు. ఒడిశాలో ఆ నలుగురిలో పార్టీ గుర్తు మీద పోటీ చేసేది జిల్లా పరిషత్ వాళ్లే. వార్డు మెంబరు, సర్పంచి, సమితి ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. అంటే అక్కడ మనిషిని చూసి వెయ్యాలి, పార్టీ జెండా సాయపడదు. పక్కన ఏ పార్టీవాళ్లు తిరిగినా ఆ మాట మర్చిపోవద్దు. ఆరు పేర్లలో ఎన్ని మీకు తెలియవో అక్కడి నుంచి మొదలుపెట్టండి. నేను రాసినప్పుడు నాకు మూడే వచ్చాయి.

తర్వాత గెడ్డ సంగతి. అది ఎవరి పని? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా సర్పంచిని తిట్టడమూ న్యాయం కాదు, పొగడడమూ న్యాయం కాదు. చిన్న తూము, చిన్న కల్వర్టు అయితే పంచాయతీ నిధుల్లోంచో సమితి నిధుల్లోంచో కట్టొచ్చు. పెద్ద వంతెన అయితే రాష్ట్ర ప్రభుత్వ శాఖ కట్టాలి, దాని కోసం ఎమ్మెల్యే వెంట పడాలి. మీ గెడ్డకి ఏది సరిపోతుందో బ్లాక్ ఆఫీసులో ఇంజనీరుని అడిగితే చెబుతారు. పంచాయతీ ఏ పనులు ప్లాన్‌లో పెట్టింది, ఎంత ఖర్చు చేసింది అన్నది కేంద్రం నడిపే ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో ఉంటుంది. ఫోన్లో పంచాయతీ పేరు కొట్టి చూడొచ్చు. ఆ జాబితాలో మీ కల్వర్టు ఎప్పుడైనా ఉందా, లేదా? ఉండీ కట్టలేదా, అసలు ఎవరూ రాయించలేదా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఎవరూ రాయించకపోతే అందులో మన తప్పూ ఉంది.

ఎందుకంటే ఆ పని రాయించే చోటు పల్లిసభ. ఊరి ఓటర్లందరూ అందులో సభ్యులే, మీతో సహా. ఏటా ఫిబ్రవరిలో అది జరగాలని ఒడిశా గ్రామ పంచాయతీ చట్టంలో ఉంది. చాలా ఊళ్లలో రిజిస్టరు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది, సభ మాత్రం జరగదు. రిజిస్టరు మీ గుమ్మం ముందుకొస్తే సంతకం పెట్టేముందు ఏం రాశారో అడగండి. ఒడియా చదవడం రాదు కదా అని మొహమాటపడొద్దు. 'మా పాప చదువుతుంది, కాసేపు ఉంచండి' అనండి. సభ జరిగితే మీ మహిళా సంఘం నుంచి పదిమంది కలిసి వెళ్లి గెడ్డ పేరు రాయించండి. పక్కింటామెనీ తీసుకెళ్లండి. ఆవిడ మాట మిమ్మల్ని గాయపరిచింది, నిజమే. కానీ ఓటుకీ కల్వర్టుకీ ఉన్న సంబంధాన్ని ఊళ్లో అందరికంటే ముందు పట్టుకున్నది ఆవిడే. ఆమెతో స్నేహం చెయ్యండి.

భాష గురించి ఇంకో రెండు మాటలు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలంటే ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంత అధికార భాష, అంటే ఇక్కడ ఒడియా. ఆ దరఖాస్తు మీరు రాయలేకపోతే తీసుకునే అధికారే రాసిపెట్టడానికి సాయం చెయ్యాలని ఆ చట్టమే చెబుతుంది. జవాబుకి 30 రోజుల గడువు. కానీ మీ కష్టం చెప్పుకుంటూ ఇచ్చే అర్జీ వేరు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. గజపతి జిల్లాలో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని ఆయన పోరాడిందీ అక్కడి నుంచే. 1936లో రాష్ట్రాల గీత మారింది. పర్లాకిమిడి ఒడిశాలోకి, పాతపట్నం వైపు అవతలికి వెళ్లాయి. గీత ఇవతల మిగిలిన మనం మన భాషతో పాటు ఇక్కడి భాషనూ కాస్త చదవగలిగితే మంచిదని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. మీ పాప దగ్గర రోజుకి నాలుగు అక్షరాలు నేర్చుకోండి. ఆరు నెలల్లో పేపరు హెడ్డింగులు చదువుతారు. తల్లికి చదువు చెప్పే అవకాశం దొరికితే ఏ పిల్ల కాదంటుంది?

అసెంబ్లీ, లోక్‌సభ అభ్యర్థుల గురించి తెలుసుకోవడం ఇంకా సులువు. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఒక అఫిడవిట్ ఇవ్వాలి. తనమీద ఏ కేసులున్నాయి, ఆస్తులు ఎంత, అప్పులు ఎంత, చదువేమిటి అన్నీ ప్రమాణం చేసి రాయాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. క్రిమినల్ కేసులుంటే ఆ సంగతి అభ్యర్థే పేపర్లలో, టీవీలో ప్రకటించుకోవాలని 2018లో కోర్టు మళ్లీ చెప్పింది. ఇంత ఉన్నా మన ఇళ్లలో ఎవరూ తెరిచి చూడరు. ఒక మాట చెప్పాలి. కేసు ఉన్నంత మాత్రాన దోషి కాదు. ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ ఉంటుంది, మనిషిని కొట్టినందుకు పెట్టిన కేసూ ఉంటుంది. ఏ కేసో చదవాలి. అలాగే ఐదేళ్లలో ఆస్తి ఎంత పెరిగిందో పాత అఫిడవిట్ పక్కన పెట్టుకుని చూడాలి. ఇక వాట్సాప్‌లో వచ్చేదాన్ని, ముఖ్యంగా పోలింగ్‌కి రెండు రోజుల ముందు వచ్చేదాన్ని, అదెవరి గురించైనా సరే, నమ్మి మనసు మార్చుకోవద్దు.

ఇప్పుడు మావయ్యగారి దగ్గరికి వద్దాం. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు. ఏది పట్టాలో మీ ఇంటి గాలి తెలిసినవారు మీరే.

ఒకటి, ఆయనతో మాట్లాడడం. అంటే 'నా ఓటు నా ఇష్టం' అని మొదలుపెట్టడం అనుకోకండి. అలా మొదలైతే ఆ మాటే మిగులుతుంది, విషయం మిగలదు. 'ఎవరికి వెయ్యాలి మావయ్యా' అని కాకుండా 'ఆయనకే ఎందుకు వెయ్యాలి మావయ్యా' అని అడగండి. ఎన్నికల ముందు రాత్రి వద్దు, మూడు నెలల ముందు, ఆయన తీరిగ్గా ఉన్న పూట అడగండి. ఆయనకి ఊరు ఎరుక. ఎవరు పని చేస్తారు, ఎవరు మాట తప్పుతారు, ఎవరి పొలం తగాదాలో ఎవరు న్యాయంగా నిలబడ్డారు, ఇవన్నీ ఏ వెబ్‌సైటులోనూ ఉండవు. మీకు కావలసిన సమాచారంలో సగం ఆయన దగ్గరే ఉంది. గెడ్డ దాటలేక మనవరాలు ఎన్నాళ్లు బడి మానేసిందో లెక్క రాసి చూపించండి. మండపం కట్టించిన మాట నిజమే కానీ వచ్చేసారి సంఘం తరఫున మండపం బదులు కల్వర్టు అడగొచ్చు కదా అనండి. పెద్దరికం పోకుండా మాట మార్చుకునే దారి ఆయనకి ఇవ్వండి. ఇందులో నష్టం ఏమిటంటే, కోడలు కొత్తగా ప్రశ్నలు వేస్తోందని ఆయనకి అనుమానం రావచ్చు, కొన్నాళ్లు మీమీద నిఘా ఉండొచ్చు. మీ ఆయన్ని ముందుగా కలుపుకుంటే ఆ బరువు మీ ఒక్కరిమీదే పడదు. ఉత్తరంలో ఆయన ఏమంటారో మీరు రాయలేదు. అడిగి చూశారా?

రెండో దారి, ఏమీ అనకుండా మీ ఆలోచన ప్రకారం వేసి రావడం. చట్టం పూర్తిగా మీ వైపే ఉంది. ఎవరికి వేశారో చెప్పమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు, కోర్టు కూడా అడగదు. అసెంబ్లీ ఎన్నికల్లో బటన్ నొక్కాక మీరు వేసిన గుర్తు వీవీప్యాట్ (ఓటు చీటీ చూపించే యంత్రం) అద్దం వెనక ఏడు సెకన్లు కనిపిస్తుంది, అదీ మీ ఒక్కరికే. కానీ మీకు అబద్ధపు ధైర్యం ఇవ్వలేను. పంచాయతీ ఎన్నికల్లో వార్డుకి ఓటర్లు కొద్దిమందే, లెక్క వార్డు వారీగా బయటికొస్తుంది. సంఘం ఓట్లు 60 అనుకుంటే 52 పడినప్పుడు ఆ ఎనిమిది ఎవరివని గుసగుసలు మొదలవుతాయి. రహస్యం చట్టంలో ఉన్నంత గట్టిగా ఊళ్లో ఉండదు. ఎవరైనా మొహం మీద అడిగితే అబద్ధం చెప్పాలా అని మీకు ఇబ్బంది ఉంటే, 'అది చెప్పకూడదట మావయ్యా, బళ్లో పాపకి కూడా అదే చెప్పారు' అనండి. అందులో అబద్ధం లేదు.

మూడో దారిని మీరు ఊహించి ఉండరు. అన్నీ తెలుసుకున్నాక కూడా మావయ్యగారు చెప్పిన మనిషే మెరుగని మీకు అనిపించవచ్చు. అప్పుడు ఆయనకే వెయ్యండి. పక్కవాళ్లకి అది పాత ఓటులాగే కనిపిస్తుంది. మీకు మాత్రం పాప అడిగిన 'ఎందుకు'కి జవాబు ఉంటుంది. ఎదురు తిరిగితేనే సొంత ఓటు అనుకోవద్దు.

గుడి మండపం డబ్బు గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు, అది మిమ్మల్ని లోపల తినేస్తోందని అర్థమైంది. ఓటు కోసం ఇచ్చినవాళ్లే కాదు, తీసుకున్నవాళ్లూ చట్టం ముందు నేరస్తులే. భారతీయ న్యాయ సంహితలో ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. గుడి పేరు మీద తీసుకున్నా ఓటు కోసమైతే అది లంచమే. దేవుడి ముందు మాట ఇచ్చాం కదా, తప్పితే పాపం కాదా అని చాలామంది ఆడవాళ్లు నన్ను అడుగుతారు. నా మనసులో మాట చెబుతాను: అమ్మకూడని దాన్ని అమ్ముతానని చేసిన ప్రమాణానికి కట్టుబడనక్కర్లేదు. అయితే మీ మనసు ఒప్పుకోకపోతే ముందే ప్రమాణానికి చెయ్యి కలపకుండా తప్పుకోండి. తర్వాత మధనపడడం కంటే అది మేలు.

సుభద్ర సంగతి తొందరగా తేల్చేద్దాం. 2024 సెప్టెంబరులో మొదలైన ఆ పథకం రాష్ట్ర ప్రభుత్వానిది. 21 నుంచి 60 ఏళ్ల లోపు అర్హులైన ఆడవాళ్లకి ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతలుగా నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలో పడతాయి. ఇల్లిల్లూ తిరుగుతున్న ఆమెకి మీరెవరికి వేశారో తెలిసే దారి లేదు, తెలిసినా మీ ఖాతా ఆపే అధికారం లేదు. ఓటుకి ముడిపెట్టి బెదిరించడం కూడా నేరమే. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు ఇలాంటివి ఫోన్లో వీడియో తీసి ఎన్నికల సంఘంవాళ్ల సీ-విజిల్‌లో పంపితే అధికారులు వచ్చి చూస్తారు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టకుండా పంపే వీలూ ఉంది. కానీ చిన్న ఊరు, వీడియో ఎవరు తీశారో ఊహించడం కష్టం కాదు. మీకు ఇబ్బంది అనిపిస్తే ఫిర్యాదు పక్కన పెట్టి, ఈ నిజాన్ని మీ మహిళా సంఘం మీటింగులో పదిమందికి చెప్పండి. భయం పోతే బెదిరింపు పనిచెయ్యదు.

ఇక పుట్టింటి ఓటు. ఇక్కడ మాత్రం రెండు దారులు చూపించలేను. రెండు చోట్ల పేరు ఉండడం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. వేరే చోట పేరు లేదని ఫారంలో తప్పు రాసిస్తే ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ పడవచ్చు. సరిహద్దులోని కొటియా గ్రామాల వాళ్లకి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ భూమే ఒడిశాదా ఆంధ్రాదా అన్న తగాదా కోర్టులో ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్లింది. చంద్రపూర్ జిల్లా జీవతి తాలూకాలో మహారాష్ట్రకీ తెలంగాణకీ మధ్య నలుగుతున్న ఊళ్లదీ అదే బాధ. వాళ్లని రెండు రాష్ట్రాలూ లాగుతున్నాయి. మీ ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందో ఎవరికీ సందేహం లేదు. మీరు ఇప్పటిదాకా చేసింది తెలియక చేసింది, దానికి కుమిలిపోకండి, సరిచేసుకోండి. నివాసం ఉన్న చోటే ఓటు. మీరు ఉండేది, మీ పాప గెడ్డ దాటేది ఇక్కడ. పుట్టింటి జాబితాలోంచి పేరు తీయించడానికి ఫారం 7 ఉంది. ఆన్‌లైన్లో గానీ అక్కడి బీఎల్‌వో (ఓటరు జాబితా చూసే బూత్ అధికారి) దగ్గర గానీ ఇవ్వొచ్చు. సందేహాలుంటే 1950 నంబరుకి ఫోన్ చెయ్యండి.

అన్నయ్య బాధపడతాడు, అదీ అర్థం చేసుకోదగ్గదే. మీరు రాయలేదు గానీ చాలామంది ఆడపిల్లలకి ఇక్కడ ఒక భయం ఉంటుంది, పుట్టింటి జాబితాలో పేరు పోతే పుట్టింట్లో హక్కు కూడా పోతుందేమోనని. పోదు. తండ్రి ఆస్తిలో వాటా వారసత్వ చట్టం ఇస్తుంది, ఓటరు జాబితా ఇవ్వదు. అన్నయ్య కారు పంపేది చెల్లెలి ఓటు కోసమేనా, చెల్లెల్ని చూడాలని కూడానా? రెండోదైతే సంక్రాంతికి వెళ్లండి, పోలింగ్ రోజున ఎందుకు?

ఒక పాత సంగతి గుర్తొస్తోంది. స్వతంత్రం వచ్చాక మొట్టమొదటి ఎన్నికలకి జాబితాలు రాస్తున్నప్పుడు లక్షలమంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి తల్లి అని మాత్రమే చెప్పారు. సొంత పేరు లేకుండా ఎక్కించేది లేదన్నారు ఎన్నికల సంఘంవాళ్లు. అలా సుమారు 28 లక్షలమంది పేర్లు తొలి జాబితాలోంచి పోయాయి. ఆ ఆడవాళ్లకి సొంత పేరు లేక కాదు, దాన్ని బయటికి చెప్పడం అలవాటు లేక. మీ పేరు రెండు జాబితాల్లో ఉంది చూడండి, ఎంత దూరం వచ్చామో.

2022 ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికలకి ఐదేళ్ల లెక్క వేసుకుంటే 2027 మొదట్లో మళ్లీ రావాలి. ఈలోగా ఆరు పేర్ల కాగితం, గెడ్డ లెక్క, ఫారం 7, ఈ మూడూ అయితే చాలు. అభ్యర్థుల జాబితా పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించిన రోజున పాపని వెంట తీసుకెళ్లండి. ఒడియాలో ఉన్న పేర్లు ఆ పిల్ల చదువుతుంది. ఒక్కొక్కరూ ఎవరో, ఏం చేశారో మీరు చెప్పండి.